ఆకులో ఖాళీ

చిన్నీ, బుజ్జీ,

మొన్న సెలవుల్లో ‘అందాల రాముడు’ చూస్తుంటే బుజ్జిగాడు అడిగాడు: “తాతయ్యా, ఇదంతా ఎవరో బొమ్మ గీసినట్టుందేం?” నిద్రమత్తులో ఊఁ అని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతా.

నిజంగానే గీసేవారురా. ఆ సినిమా తీసిన బాపు గారు 1933లో గోదావరి ఒడ్డున నరసాపురంలో పుట్టారు. లా చదివి, నల్లకోటు మానేసి, ఆంధ్ర పత్రికలో కార్టూన్లు వేశారు. 1967లో మొదటి సినిమా ‘సాక్షి’ తీశారు. షూటింగుకు ముందే సీన్లు కాగితం మీద బొమ్మలుగా వేసుకునేవారు.

అమ్మమ్మ వడ్డన చూశారుగా. ఆకు కొస ఎడమవైపు. ఓ మూల ఉప్పు, పక్కన ఆవకాయ, తర్వాత కూర, మధ్యలో అన్నానికి చోటు. ఎన్ని వంటలున్నా ఆ చోటు జోలికి పోదు. అదే నేను వడ్డిస్తే పప్పు పులుసులోకి, పులుసు పక్కవాడి ఒళ్లోకి! పత్రికలో కార్టూనుకి దొరికేది అరచేయంత చోటు. అందులో మొగుడు, పెళ్లాం, అప్పడాల కర్ర, జోకు అన్నీ పట్టాలి. ఏ గీత అక్కర్లేదో తెలియాలి. ఏళ్ల తరబడి అలా ‘ఆకు వేసిన’ చెయ్యి కెమెరా దగ్గరకెళ్తే మాత్రం మారుతుందా? ఓ పక్కన మనిషి, మిగతాదంతా గోదావరి. ఇక పెరుగు సంగతి... వద్దులే, ఆకలేస్తోంది.

మీ వయసులో నేను ఆయన కార్టూన్లు కత్తిరించి, మైదాపిండి లైతో లెక్కల నోట్‌బుక్కులో అంటించేవాణ్ణి. మాస్టారు పట్టుకుని రెండు వేశారు. పుస్తకం మాత్రం వారం దాకా ఇవ్వలేదు. ఇంట్లో వాళ్లకి కూడా చూపించుకున్నారని నా అనుమానం. తిరిగొచ్చాక లై కోసం బొద్దింకలు సగం తినేశాయి. అందుకే, బొమ్మలేస్తుంటే టైమ్ వేస్టని మీ నాన్న కేకలేసినా కొంచెం ఓర్చుకోండి. నేనన్నానని మాత్రం చెప్పకండి.

అంతా గీతల మహిమే అనను. ఆయనే తీసిన ‘ముత్యాల ముగ్గు’కి కెమెరా ఇషాన్ ఆర్య. కాగితం మీద గీయలేని ఆ వెలుతుర్ని ఎలా పట్టారో, ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టదు.

ఈ ఆదివారం ఆ సినిమా పెట్టి, సౌండ్ తీసేసి, ఎక్కడైనా ఆపండి. కనిపించింది పది గీతల్లో వెయ్యండి. పదకొండోది వద్దు. ఖాళీ ఎక్కడ మిగిలిందో చూసి నాకు పంపండి. ఈసారి ఫెవికాల్‌తో అంటిస్తాను.

మీ తాతయ్య