ఇసాండ్ల్వానా రాళ్ళగుట్టలు చెప్పేదెంత? జులూ యుద్ధభూముల మ్యాపింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెల్లరాళ్ళ గుట్టలు ఉన్నచోటే సైనికులు పడిపోయారు. వాటిని జీపీఎస్‌లో ఎక్కిస్తే మ్యాపు రెడీ.

వాస్తవం: దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా కొండ కింద ఉన్న బ్రిటిష్ శిబిరం మీద 1879 జనవరి 22న అక్కడి జులూ సైన్యం దాడి చేసి గెలిచింది. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. శవాలను పూడ్చడం మొదలయ్యేసరికి నాలుగు నెలలు గడిచాయి. పైపైన మట్టి కప్పారు, వానలకు ఎముకలు తేలాయి, మళ్ళీ పూడ్చారు. కాబట్టి గుట్ట చూపేది సమాధిని. మనిషి పడ్డ చోటు ఉజ్జాయింపుగా మాత్రమే తెలుస్తుంది.

పైగా ఆ గుట్టలన్నీ ఒక పక్షానివే. జులూలు కూడా కనీసం వెయ్యిమంది పోయారని అంచనా. కొందరిని వాగు కోతల్లో, ధాన్యం పాతర్లలో పెట్టారు. కొందరి మీద వాళ్ళ డాలే కప్పి వదిలారు. వాళ్ళ స్మారకంగా పెద్ద కంచు హారం నిలబడింది 1999లో. ఆ పాతర్లు, వాగులు లేని మ్యాపును నేను సగం మ్యాపు అనే అంటాను.

అపోహ: మర మేకులు ఊడక తూటాపెట్టెలు తెరుచుకోలేదు, అందుకే బ్రిటిష్ వాళ్ళు ఓడారు.

వాస్తవం: మూతను పట్టి ఉంచేది ఒకే మర మేకు. తుపాకీ మడమతో గట్టిగా కొడితే ఊడేది. తవ్వకాల్లో వంగిన మేకులు దొరికాయి కూడా. మ్యాపు గీసే మాకు పనికొచ్చేవి కాల్చాక మిగిలిన ఖాళీ తూటాలు. బ్రిటిష్ సైనికుల మార్టినీ-హెన్రీ తుపాకీ తూటాకు గొట్టం పలచని ఇత్తడి రేకు, అడుగు బిళ్ళ ఇనుము. ఇవి ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడ కాల్పుల వరుస నిలబడిందన్నమాట. కానీ నూరేళ్ళకు పైగా జనం ఏరుకుపోయారు. దొరకనంత మాత్రాన అక్కడ ఎవరూ లేరనకూడదు. అన్నట్టు, పర్మిట్ లేకుండా అక్కడ డిటెక్టర్ తిప్పడం నేరం.

అపోహ: ఇరవై వేల జులూ సైన్యం కనబడకపోవడం కాపలావాళ్ళ నిర్లక్ష్యం.

కంప్యూటర్ మ్యాపు మీద నేల ఎత్తుల డేటా వేసి, శిబిరం నుంచి కనిపించే నేలకు రంగు పూసి చూడండి. జులూలు కూర్చున్న ఎన్‌గ్వెబెని లోయకు రంగు అంటదు, మధ్యలో గట్టు అడ్డం. అయితే ఉచితంగా దొరికే, 30 మీటర్ల గడికి ఒకే ఎత్తు చూపే డేటాను నమ్మి చిన్న వాగుల గురించి తీర్పులు చెప్పొద్దు. మనిషి దాక్కునేంత కోత అందులో చదునైపోతుంది. ఆ కోతలు కూడా 1879లో ఉన్నట్టు ఇప్పుడు లేవు.

అపోహ: జులూ యుద్ధభూములంటే 1879వే.

కాదు. 1838లో బోయర్లతో (డచ్ సంతతి వలసదారులతో) ఎన్‌కోమే నది దగ్గర పోరు జరిగింది, ఇప్పుడు ఒక గట్టున బోయర్ల బండ్ల గుర్తుగా 64 కంచు బండ్లు, ఎదురుగట్టున జులూల మ్యూజియం. 1906లో బ్రిటిష్ పాలన మీద జులూల బంబత తిరుగుబాటు జరిగింది. అప్పుడు గాంధీ నడిపిన భారతీయ స్ట్రెచర్ దళం గాయపడ్డ జులూలకు సేవ చేసింది. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది 1856 నాటి ఎన్‌డొండాకుసుకా. జులూ రాకుమారులు కెచ్వాయో, ఎంబుయాజీ అన్నదమ్ముల పోరు అది. ఓడిన పక్షంలో ఆడవాళ్ళు, పిల్లలతో సహా వేలమంది తుగేలా నది ఒడ్డున, నీళ్ళలో చనిపోయారు. అలాంటి చోటుకు ఒక చుక్క పెట్టి ఊరుకుంటే తప్పు. నది వెంబడి మసక అంచులతో పట్టీగా గీసి, హద్దు అంచనా మాత్రమేనని పక్కనే రాయాలి.