బహుళజాతి కంపెనీల లాభాల పంపకం: అపోహలు - వాస్తవాలు

అపోహ: "15 శాతం పన్ను ఒప్పందం కుదిరిందిగా, ఇక టెక్ కంపెనీల లాభంలో మన వాటా మనకొస్తుంది."

వాస్తవం: 2021 అక్టోబరులో 136 దేశాలు ఒప్పుకున్నవి రెండు వేర్వేరు సంగతులు. 15 శాతం కనీస పన్ను పిల్లర్-2. లాభం ఏ దేశానిదో తేల్చేది పిల్లర్-1. కంపెనీ టర్నోవరు 2,000 కోట్ల యూరోలు దాటి, లాభం అందులో 10 శాతానికి మించితే, ఆ పైనున్న దాంట్లో పావు వంతు కస్టమర్లున్న దేశాలకు పంచాలి. అమెరికా చేరకపోతే అమల్లోకి రాని విధంగా ఒప్పందం రాశారు. అమెరికా చేరలేదు. ఈలోగా ఆన్‌లైన్ ప్రకటనల మీద మనం వేసిన 6 శాతం లెవీని 2025 ఏప్రిల్ నుంచి ఎత్తేశాం. వచ్చేది రాలేదు, ఉన్నది పోయింది.

అపోహ: ఇప్పటి పద్ధతి పక్కా లెక్క, గ్రూపు మొత్తం లాభాన్ని అమ్మకాల వంటి కొలమానాల నిష్పత్తిలో దేశాలకు పంచే ఫార్ములా అంటే కాకిలెక్క.

వాస్తవం: ఇప్పటి ఆర్మ్స్ లెంగ్త్ పద్ధతిలో, ఒకే గ్రూపులోని రెండు కంపెనీలు ముక్కూమొహం తెలియనివాళ్లలా బేరమాడితే ధర ఎంత పలికేదో ఊహించాలి. మాదాపూర్‌లో ఓ క్యాప్టివ్ సెంటర్ (విదేశీ మాతృసంస్థ కోసమే పనిచేసే ఆఫీసు) ఖర్చు ఏడాదికి 100 కోట్లనుకుందాం. పైన 15 శాతం మార్కప్ వేసి మాతృసంస్థ 115 కోట్లు ఇస్తుంది. ఇక్కడ పన్ను ఆ 15 కోట్ల మీదే. ఇక్కడివాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌తో అక్కడ ఎన్ని వేల కోట్లు మిగిలినా మన లెక్కలోకి రాదు.

మరి ఆ 15 ఎక్కడిది? పోల్చదగిన కంపెనీల మార్జిన్లు చూసి తేల్చింది. అసలు పేచీ అక్కడే. పన్ను ఆఫీసర్ ఆ పోల్చే జాబితాలో ఇన్ఫోసిస్‌ను పెడతారు, "ఆ బ్రాండెక్కడ, మేమెక్కడ" అంటుంది కంపెనీ. 2013లో అగ్నిటీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో ఢిల్లీ హైకోర్టు కంపెనీ మాటే ఒప్పుకుంది. జాబితాలో ఒక పేరు తీసినా, చేర్చినా ఆ అంకె మారిపోతుంది. దానికోసం ఏళ్లకేళ్లు ట్రైబ్యునళ్ల చుట్టూ తిరుగుతాం. (మా పన్ను సలహాదారుల ఫీజులూ అక్కడివే, దాచేదేముంది!)

అపోహ: ఫార్ములా ఎక్కడా లేని కొత్త ఆలోచన.

వాస్తవం: అమెరికా రాష్ట్రాలు దశాబ్దాలుగా ఇలాగే పంచుకుంటున్నాయి.

అపోహ: ఏ ఫార్ములా వచ్చినా మనకు మంచిదే.

వాస్తవం: కానే కాదు. అమ్మకాలే కొలమానమైతే, కస్టమర్లంతా అమెరికాలో ఉన్న గ్రూపుకు పనిచేసే మాదాపూర్ సెంటర్ వాటా సున్నా. అమెరికాలోనూ మొదట్లో ఆస్తులు, జీతాలు, అమ్మకాలు మూడూ చూసేవారు. ఇప్పుడు చాలా రాష్ట్రాలు అమ్మకాలొక్కటే చూస్తున్నాయి. 2019లో మన సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) కమిటీ ముసాయిదా అమ్మకాలు, మనుషులు, ఆస్తులకు తలా మూడో వంతు అంది. అది చట్టం కాలేదుగానీ నా ఓటు దానికే. ఐక్యరాజ్యసమితి పన్ను ఒప్పందం చర్చలు 2027కల్లా ముగించాలనుకుంటున్నారు. అక్కడ మనవాళ్లు "మా మార్కెట్ పెద్దది" అని మాత్రమే వాదిస్తే, జీతాల వాటా మన తరఫున అడిగేవాళ్లు వేరే ఎవరూ ఉండరు.