తుపాకీ ఇచ్చింది ఎవరు? సియెర్రా లియోన్ బాల సైనికుల వెనకున్న చరిత్ర

పశ్చిమాఫ్రికా దేశం సియెర్రా లియోన్ బాల సైనికులు అనగానే చాలామందికి గుర్తొచ్చేది అడవుల్లోంచి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయిన తిరుగుబాటు దళాలే. ఇష్మాయిల్ బేయా ఆత్మకథ ‘ఎ లాంగ్ వే గాన్’ 2007లో వచ్చింది. దాన్ని చదివినవాళ్లలో కూడా కొందరు ఒక ముఖ్యమైన సంగతి మర్చిపోతుంటారు. పదమూడేళ్ల వయసులో అతని చేతికి తుపాకీ ఇచ్చింది తిరుగుబాటుదారులు కాదు, దేశ సైన్యం. ఇల్లు చెదిరిపోవడం, పగ, మత్తు, మళ్లీ మనుషుల్లో కలవడం లాంటి ఆ పుస్తకంలోని విషయాలన్నీ ఈ సంగతి తెలిశాక వేరేగా కనిపిస్తాయి.

1991 మార్చిలో రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ అనే దళం లైబీరియా సరిహద్దు దాటి తూర్పున ఉన్న కైలాహున్ జిల్లాలోకి వచ్చింది. దాని నాయకుడు ఫోడే సంకో ఒకప్పుడు సైన్యంలో కార్పొరల్. 1971 కుట్ర కేసులో జైలుకెళ్లి వచ్చినవాడు. అతనికి లైబీరియా తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ అండ ఉంది. వజ్రాల కోసమే ఈ యుద్ధం జరిగిందని తరచూ అంటుంటారు కానీ అది సగం నిజమే. వజ్రాలు యుద్ధాన్ని ఏళ్ల తరబడి నడిపించాయి, మొదలుపెట్టింది మాత్రం అవి కాదు. 1968 నుంచి 1985 దాకా ఏలిన సియాకా స్టీవెన్స్ 1978లో దేశాన్ని ఏకపార్టీ పాలన కిందికి తెచ్చాడు. 1970ల్లో రైలు మార్గాన్ని ఎత్తేశారు. బడులు మూతపడ్డాయి, టీచర్లకు జీతాలు అందేవి కావు. రాజధాని ఫ్రీటౌన్‌కు దూరంగా ఉన్న ఊళ్లలో చదువూ పనీ లేని కుర్రాళ్లు ఒక తరం తయారయ్యారు. రెండు పక్షాలకూ మనుషులు దొరికింది వాళ్లలోంచే.

ఇక సైన్యం సంగతి. యుద్ధం మొదలైనప్పుడు అందులో ఉన్నది మూడు నాలుగు వేల మంది. సరిహద్దులో పోరాడుతున్న యువ అధికారులు జీతాలు లేవని, సరుకులు లేవని విసిగిపోయి 1992 ఏప్రిల్‌లో ప్రభుత్వాన్ని కూలదోశారు. అధికారం అందుకున్న కెప్టెన్ వాలంటైన్ స్ట్రాసర్ వయసు అప్పటికి పాతికేళ్లు. అతని హయాంలో సైన్యం పది వేలు దాటింది. వీధుల్లో తిరిగే కుర్రాళ్లను కొద్దిపాటి శిక్షణతోనే యుద్ధానికి పంపారు. పగలు సైనికులుగా, రాత్రి దోపిడీ చేసే తిరుగుబాటుదారులుగా బతికేవాళ్లకు జనం ‘సోబెల్’ అని పేరు పెట్టారు. ఎవరు ఎటువైపో తేల్చుకోలేని ఆ రోజుల్లో, తల్లిదండ్రులు పోయిన పిల్లలకు తిండీ రక్షణా దొరికిన చోటు సైనిక శిబిరమే. బేయా కథలో కూడా అంతే. శిబిరంలో చేరకపోతే బతికే దారి లేదు.

పిల్లల్ని సైనికులుగా మలిచిన తీరు చాలా పద్ధతి ప్రకారం సాగింది. మీ వాళ్లను చంపింది వీళ్లేనంటూ దుఃఖాన్ని పగగా మార్చేవారు. కొకైన్‌లో తుపాకీ మందు కలిపిన ‘బ్రౌన్ బ్రౌన్’, తెల్ల మాత్రలు, రాత్రిళ్లు రాంబో సినిమాలు. ఏకే-47 తేలిక కాబట్టే పిల్లలు సైనికులయ్యారనే వాదన నాకు అంతగా నచ్చదు. తుపాకీ తేలికైనంత మాత్రాన పిల్లవాడు చంపడానికి సిద్ధపడడు. అతన్ని నిద్రపోనివ్వకుండా, ఆలోచించనివ్వకుండా రోజుల తరబడి తయారుచేసిన పెద్దవాళ్లు ఉన్నారు.

1996 జనవరిలో యునిసెఫ్ వాళ్లు బేయాను సైన్యం నుంచి తీసుకెళ్లి ఫ్రీటౌన్‌లోని పునరావాస కేంద్రంలో చేర్చారు. సైన్యం వైపు పిల్లల్నీ తిరుగుబాటు దళాల పిల్లల్నీ ఒకే చోట పెట్టడంతో మొదటి రోజే ప్రాణాలు పోయేంత గొడవ జరిగింది. తప్పు మీది కాదని సిబ్బంది ఎంత చెప్పినా మొదట్లో పిల్లలకు ఆ మాట వింటేనే కోపం వచ్చేది. 2002 నుంచి ఇలాంటి వాళ్లను ఏళ్ల పాటు గమనించిన పరిశోధకులు, గతంలో చేసిన హింసతో పాటు ఇంటివాళ్లూ ఊరివాళ్లూ దగ్గరికి తీశారా లేదా అన్నది కూడా వాళ్ల మానసిక స్థితిని బాగా ప్రభావితం చేసిందని గుర్తించారు.

అయితే ఈ పునరావాసం అందరికీ అందలేదు. నిరాయుధీకరణలో నమోదైన సుమారు 6,800 మంది పిల్లల్లో ఆడపిల్లలు పదో వంతు కూడా లేరు. దళాల్లో వంట చేసినవాళ్లు, మూటలు మోసినవాళ్లు, కమాండర్లకు బలవంతపు భార్యలైనవాళ్లు లెక్కలోకి రాలేదు. వాళ్లలో తుపాకీ పట్టినవాళ్లూ ఉన్నారు. కానీ అప్పగించడానికి చేతిలో ఆయుధం లేకపోతే అధికారులు సైనికులుగా గుర్తించేవారు కాదు. మనం చదివే ఆత్మకథలు ఎక్కువగా మగపిల్లలవి కావడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది ఒక ఆస్ట్రేలియా దినపత్రిక కాలక్రమాన్ని ప్రశ్నించింది. బేయా ఊరి దగ్గరి గనుల మీద దాడి జరిగింది పుస్తకంలో చెప్పినట్టు 1993లో కాదు, 1995 జనవరిలో అని, అలాగైతే అతను సైన్యంలో ఉన్నది రెండేళ్లకు పైగా కాదు, కొన్ని నెలలే అని రాసింది. బేయా తన మాట మీదే నిలబడ్డాడు. మత్తులో, ఆకలితో గడిచిన బాల్యం నుంచి తేదీలు కచ్చితంగా రాకపోవచ్చు. అయినా ప్రశ్న సబబైనదే. ఎందుకంటే చట్టం దగ్గర తేదీలే అన్నీ నిర్ణయిస్తాయి.

1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలే అంటుంది. కానీ సైన్యంలో చేర్చుకునే విషయానికి వచ్చేసరికి, 38వ అధికరణంలో ఆ వయసును పదిహేనుకు దించింది. సియెర్రా లియోన్ దాన్ని 1990లోనే ఆమోదించింది. అంటే ఒడంబడిక లెక్కలో కూడా పదమూడేళ్ల వాడికి తుపాకీ ఇవ్వడం కుదరదు. యుద్ధంలో నేరుగా పాల్గొనే వయసును పద్దెనిమిదికి పెంచుతూ ఐక్యరాజ్యసమితి ఐచ్ఛిక ఒప్పందాన్ని ఆమోదించింది 2000 మేలో. అది అమల్లోకి వచ్చిన 2002 ఫిబ్రవరికి సియెర్రా లియోన్ యుద్ధం ముగిసి నెల కూడా కాలేదు.

ఈ యుద్ధంలోని నేరాల విచారణకు ఆ ఏడాదే ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానానికి పదిహేను దాటిన పిల్లల్ని కూడా విచారించే అధికారం ఉండేది. అయినా ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ పిల్లల జోలికి వెళ్లనని, వాళ్లను వాడుకున్న పెద్దవాళ్లనే పట్టుకుంటానని ప్రకటించాడు. 2007 జూన్‌లో ముగ్గురు మాజీ సైనిక తిరుగుబాటు నాయకులు బాలల్ని యుద్ధంలో వాడుకున్న నేరం కింద దోషులుగా తేలారు. ఏ అంతర్జాతీయ న్యాయస్థానమైనా ఈ నేరానికి ఎవరినైనా దోషులుగా తేల్చడం అదే మొదటిసారి. 2012లో చార్లెస్ టేలర్‌కు యాభై ఏళ్ల జైలు పడింది, అతని మీద రుజువైన అభియోగాల్లో ఇదీ ఒకటి.

కానీ ఆ న్యాయస్థానం పరిధి మొదలయ్యేది 1996 నవంబరు 30 నుంచి. బేయా లెక్క సరైనదైనా, పత్రిక లెక్క సరైనదైనా అతని సైనిక జీవితం దానికి ముందే ముగిసిపోయింది. 1991 నుంచి జరిగినదాన్ని నమోదు చేసే పని ట్రూత్ కమిషన్‌కు అప్పగించారు. అది 2004లో ఇచ్చిన నివేదికకు పిల్లలు చదువుకునేలా విడిగా ఒక కూర్పు కూడా వేశారు. శిక్షించే అధికారం మాత్రం కమిషన్‌కు లేదు. ఇక దేశంలోని కోర్టుల దగ్గరికి వెళ్దామంటే, అన్ని పక్షాలకూ క్షమాభిక్ష ఇచ్చిన 1999 నాటి లోమే ఒప్పందం అడ్డుగా ఉంది.