ఫీనిక్స్ వారసులు: తాత గాంధీ, మనవరాలు ఇలా (Ela) గాంధీ

మన దగ్గర వారసత్వం అనగానే నియోజకవర్గం, టికెట్టు గుర్తొస్తాయి. దక్షిణాఫ్రికాలో గాంధీ కుటుంబానికి మిగిలినవి ఒక ప్రెస్సు, కొంత పొలం, జైలుకెళ్లే అలవాటు.

డర్బన్ దగ్గర ఇనాండాలో గాంధీ 1904లో దాదాపు 100 ఎకరాలు కొన్నారు. ఏడాది ముందే మొదలైన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ప్రెస్సును అక్కడికి మార్చారు. అచ్చు పని చేసేవాళ్లు అక్కడే సాగు చేసుకుంటూ బతకాలన్నది ఆలోచన. అదే ఫీనిక్స్ సెటిల్మెంట్. పత్రిక మొదట్లో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళంలో వచ్చేది. మద్రాసు రేవులో ఓడెక్కి డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు ఒప్పందం మీద కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఎందరో ఉన్నారు, పత్రికలో మాత్రం తెలుగుకు చోటు దక్కలేదు. ఒప్పందం ముగిసిన కూలీల మీద వేసిన 3 పౌన్ల పన్నుకు వ్యతిరేకంగా 1913లో సాగిన సమ్మెకు బలం ఆ కూలీలే.

గాంధీ 1914లో వెళ్లిపోయాక భారం రెండో కొడుకు మణిలాల్ మీద పడింది. 1956లో చనిపోయేదాకా పత్రిక ఆయనే నడిపారు. మధ్యలో ఇండియా వచ్చి 1930 దండి యాత్రలో తండ్రి వెంట నడిచారు. 1952లో వర్ణవివక్ష చట్టాలను ధిక్కరించే ఉద్యమంలో, అనుమతి లేకుండా నల్లవారి బస్తీలోకి వెళ్లి అరెస్టయ్యారు. ఆయన తర్వాత భార్య సుశీల 1961 దాకా పత్రికను లాక్కొచ్చారు. ఆమె పేరు ఎవరూ పెద్దగా తలచుకోరు.

వాళ్ల చిన్న కూతురే ఇలా గాంధీ. 1940లో పుట్టి ఫీనిక్స్‌లో పెరిగి, సామాజిక కార్యకర్త అయ్యారు. భారతీయుల హక్కుల కోసం తాత 1894లో పెట్టిన నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ చాలాకాలం మూగబోయి, 1971లో మళ్లీ లేచింది. అందులో ఆమె ముందు నిలిచారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆమె మీద నిషేధపు ఉత్తర్వు వేసింది. ఆ ఉత్తర్వు పడితే సభలకు వెళ్లకూడదు, ఆ మనిషి మాటను ఏ పత్రికా అచ్చు వేయకూడదు. పత్రికలో పుట్టి పెరిగిన ఇంటి పిల్లకు ఇంతకంటే గురిచూసి వేసిన శిక్ష ఉంటుందా? గాంధీ మనవరాలని ఎవరూ వదిలిపెట్టలేదు.

1985 ఆగస్టులో ఇనాండాలో అల్లర్లు రేగి, భారతీయుల ఇళ్లు, దుకాణాలతో పాటు ఫీనిక్స్ కూడా తగలబడింది. తర్వాత ఆ నేలమీద నిరుపేద నల్లవారు గుడిసెలు వేసుకున్నారు. వర్ణవివక్ష కూలాక 1994లో ఇలా గాంధీ మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తరఫున పార్లమెంటుకు వెళ్లి 2004 దాకా ఉన్నారు. తిరిగి కట్టిన ఫీనిక్స్‌ను 2000లో అధ్యక్షుడు థాబో ఎంబెకి తెరిచారు. 2007లో భారత్ ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది.

తాత పోరాడింది ప్రధానంగా భారతీయుల కోసం, మనవరాలు పోరాడింది నల్లవారితో కలిసి. ఈ తేడాను దాటవేయకూడదు. తొలినాళ్లలో నల్లవారి గురించి గాంధీ రాసిన చులకన మాటలు ఇప్పటికీ వెంటాడుతున్నాయి. ఆ కారణంతోనే 2018లో ఘనా విశ్వవిద్యాలయం ఆయన విగ్రహాన్ని తీసేసింది. మరో మనవడు, చరిత్రకారుడు రాజ్‌మోహన్ గాంధీ అయితే నల్లవారి విషయంలో తాతకు అప్పట్లో అజ్ఞానం, దురభిప్రాయం ఉండేవని నేరుగానే ఒప్పుకున్నారు.