లేవబాక

మా నెల్లూరు వైపు వద్దని చెప్పడానికి ‘బాక’ చేరుస్తాం. పోబాక, తినబాక, ఏడవబాక. మూడేళ్ల కిందట, కావలి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకు చెన్నైలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక ఆ ఇంట్లో రోజంతా వినిపించిన మాట ‘లేవబాక’. మామ అనేవాడు, కోడలు అనేది. చూడ్డానికి వచ్చినవాళ్లు పండ్ల సంచీ మంచం పక్కన పెట్టి అదే మాట అనేవాళ్లు. నెల్లూరులో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే నేనూ అన్నాను: “లేవబాక అత్తా, ఏం కావాలో చెప్పు, నేను తెస్తా.” ప్రేమతోనే అన్నాం అందరం. ఆ ప్రేమే ఆమెను మంచానికి కట్టేసింది.

నాలుగో కీమో అయ్యేసరికి అత్త బాత్రూం దాకా పోయి రావాలన్నా మధ్యలో గోడ పట్టుకుని నిలబడేది. కింద కూర్చుంటే ఒకరు చేయి ఇచ్చి లేపాలి. కీమో వేడి చేసింది, నీరసం మామూలే అనుకున్నాం. అందులో కొంత మందుల వల్లే, నిజమే. మిగతాది మంచం వల్ల. ఈ రెండో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ, మన జిల్లాలో క్యాన్సర్ వచ్చిన ప్రతి ఇంటికీ చెప్పాలని ఉంది.

మంచం ఏం చేస్తుందో 1966లో అమెరికాలోని డల్లాస్‌లో కొలిచి చూశారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురు, ఏ జబ్బూ లేనివాళ్లు, మూడు వారాలు మంచం దిగకుండా పడుకున్నారు. లేచాక చూస్తే, గట్టిగా శ్రమించినప్పుడు ఒళ్లు వాడుకోగలిగిన ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురినీ మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్లు వయసు మీదపడటం వాళ్ల శక్తిని తగ్గించిన దానికంటే, అప్పటి మూడు వారాల పడక తగ్గించిందే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల సంగతే ఇది. అరవైకి దగ్గరపడి, ఆపరేషన్ అయి, రక్తం తగ్గి, తిండి సయించని మనిషిని నెలల తరబడి పడుకోబెడితే ఏమవుతుంది?

చిన్న లెక్క చెప్తాను. కుర్చీలో ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తిని ఒకటి అనుకుందాం. ఇల్లు ఊడవాలంటే సుమారు దానికి మూడు రెట్లు కావాలి, చురుగ్గా నడవాలంటే నాలుగు రెట్లు. ఒక మనిషి గరిష్ఠంగా ఎనిమిది రెట్ల దాకా శ్రమించగలదనుకుందాం. ఇల్లు ఊడవడం ఆమె సత్తువలో సగం కూడా కాదు. మంచం పట్టి ఆ ఎనిమిది కాస్తా నాలుగైతే, అదే ఇల్లు, అదే చీపురు, ఇప్పుడు ముప్పాతిక సత్తువ అడుగుతుంది. అందుకే ఆయాసం. ఆయాసం వచ్చింది కాబట్టి మళ్లీ పడుకుంటుంది. పడుకున్న కొద్దీ కండ కరుగుతుంది, ఆ నాలుగు మూడున్నరకు దిగుతుంది. నాట్లేసి వచ్చిన అలసట రాత్రి నిద్రతో తీరిపోతుంది. క్యాన్సర్ అలసట అలాంటిది కాదు, ఎంత నిద్రపోయినా తీరదు. దాన్ని తగ్గించే దారుల్లో బాగా రుజువైనది, ఓపికను బట్టి చేసే వ్యాయామం.

డాక్టర్లు కూడా ఒకప్పుడు రెస్ట్ తీసుకోమనే చెప్పేవాళ్లు. 1980ల్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నర్సింగ్ పరిశోధకులు, కీమో నడుస్తున్న రొమ్ము క్యాన్సర్ స్త్రీల చేత వారానికి మూడుసార్లు, పది వారాల పాటు వ్యాయామ సైకిల్ తొక్కించారు. కీమో మధ్యలోనే వాళ్ల శ్రమశక్తి పెరిగింది. 1989లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రోగి పక్కన రోజంతా ఉండేది నర్సులు, పడుకున్న కొద్దీ మనిషి ఎలా జారిపోతుందో ముందు కనిపించేదీ వాళ్లకే. ఈ దారి వాళ్లు తెరవడంలో ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత వందల అధ్యయనాలు వచ్చాయి. వాటన్నిటినీ ముందు పెట్టుకుని 2018లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పలు దేశాల నిపుణులను సమావేశపరిచింది. మరుసటి ఏడాది వాళ్లు ఇచ్చిన సలహా చాలా సులువు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, కాస్త ఊపిరి పెరిగేలా నడక. వారానికి రెండు రోజులు కండకు పని. కనీసం పన్నెండు వారాలు ఇలా చేస్తే అలసట, దిగులు, టెన్షన్ తగ్గుతాయి, సొంత పనులు చేసుకునే సత్తువ వస్తుంది. ఎంత వేగంగా నడవాలో తెలుసుకోవడానికి మిషన్ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

అత్త మొదట అడిగింది నడక గురించి కాదు, బిందె ఎత్తాల్సిన చేతి గురించి. ఆపరేషన్‌లో ఎడమ చంకలోని గ్రంథులు కూడా తీసేశారు. అవి ఒంట్లోని ఒక రకమైన ద్రవం పారే కాలువల మీద ఉండే మదుముల్లాంటివి. తీసేస్తే ద్రవం వెనక్కి తన్ని చేయి వాయవచ్చు. అందుకని ఇంట్లో వాళ్లు ఆ చేతికి చెంబు కూడా తగలనివ్వలేదు. “ఈ చెయ్యి ఇంక ఉన్నట్టా లేనట్టా నాయనా?” అని ఒక రోజు నన్ను అడిగింది. నేను చదవడం మొదలుపెట్టింది ఆ ప్రశ్న వల్లే.

2009లో అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలు, అప్పటికే చేయి వాచిన 141 మంది స్త్రీలతో అధ్యయనం చేశారు. సగం మంది ఏడాది పాటు వారానికి రెండుసార్లు బరువులెత్తారు. బిగుతైన చేతి తొడుగు వేసుకుని, చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. మిగతా సగం మంది ఎత్తలేదు. ఏడాదిలో వాపు రేగినవాళ్లు బరువులెత్తిన వాళ్లలో 14 శాతం, ఎత్తని వాళ్లలో 29 శాతం. అంటే చేతిని కాపాడింది పని, పక్కన పెట్టడం కాదు. అలాగని మొదటి రోజే నిండు బిందె ఎత్తమని కాదు. అత్త అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టింది. నెలకోసారి టేపుతో రెండు చేతుల చుట్టుకొలతా చూసి క్యాలెండర్ మీద రాసేది కోడలు. తేడా పెరిగితే ఆపి డాక్టర్‌కు చూపించాలని అనుకున్నాం. పెరగలేదు.

ఇక 2025 జూన్‌లో వచ్చిన సంగతి. దాన్ని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా వ్యాయామం వల్ల అలసట తగ్గుతుందని, మనసు కుదుటపడుతుందని తెలుసు. ఆయుష్షు పెరుగుతుందా అన్నదానికి గట్టి జవాబు లేదు. కెనడా, ఆస్ట్రేలియాల్లో ఎక్కువగా జరిగిన ‘చాలెంజ్’ అనే అధ్యయనం ఆ జవాబు ఇచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయినవాళ్లు 889 మందిని 2009 నుంచి చేర్చుకుంటూ వచ్చారు. అందరికీ ఆరోగ్య సూచనల పుస్తకం ఇచ్చారు. సగం మందికి దాంతో పాటు మూడేళ్ల వ్యాయామ కార్యక్రమం పెట్టారు. అప్పటికి చేస్తున్న దానికి అదనంగా, వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావు గంట చురుకైన నడకకు సమానమైన శ్రమ. ఎనిమిదేళ్లకు లెక్క చూస్తే వ్యాయామం చేసినవాళ్లలో నూటికి 90 మంది బతికి ఉన్నారు, పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో 83 మంది. అయిదేళ్ల దాకా జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు అటు 80 మంది, ఇటు 74 మంది.

నూటికి ఏడుగురు. ఆ ఏడుగురూ ఎవరో ఒకరి అత్తలు, మామలు. అయితే ఈ ఫలితం పెద్దపేగు క్యాన్సర్‌ది, అదీ చికిత్స పూర్తి చేసుకున్నవాళ్లది. కీమో మానేసి నడవమని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి. నడకతో కండరాల, కీళ్ల నొప్పులు వచ్చినవాళ్లు కూడా కొంచెం ఎక్కువే: వ్యాయామం చేసినవాళ్లలో 18.5 శాతం, చేయనివాళ్లలో 11.5 శాతం.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇంకొకటి. పుస్తకం ఇద్దరికీ ఇచ్చారు. తేడా తెచ్చింది మనిషి. మొదటి ఏడాది రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలకోసారి ఒక శిక్షకుడు రోగితో మాట్లాడేవాడు. ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు, ఎలా మొదలుపెడదాం అని అడిగేవాడు. మన ఊళ్లలో అలాంటి శిక్షకుడు దొరకడు. ఆ పని ఇంట్లోవాళ్లే చేయాలి.

నడిస్తే ఒంట్లో ఏం జరుగుతుందో పూర్తిగా తేలలేదు గానీ ఒక దారి బాగా కనిపిస్తోంది. కోపెన్‌హాగన్ శాస్త్రవేత్తలు 2016లో, చక్రంలో పరుగెత్తే ఎలుకల్లో కణితుల పెరుగుదల అరవై శాతానికి పైగా తగ్గిందని చూపించారు. పరుగు వల్ల అడ్రినలిన్ పెరిగి, ‘సహజ హంతక కణాలు’ అనే తెల్ల రక్తకణాలను రక్తంలోకి తరుముతుంది. పనిచేస్తున్న కండరం నుంచి విడుదలయ్యే మరో రసాయనం వాటిని కణితి వైపు మళ్లిస్తుంది. ఎలుకల్లో జరిగిందల్లా మనుషుల్లో జరగాలని లేదు. అయితే కాసేపు చురుగ్గా కదిలితే మనుషుల రక్తంలోనూ ఈ కణాల సంఖ్య నిమిషాల్లో పెరుగుతుంది.

కాగితం మీద ఇదంతా సులువే. అత్త గడప దాటనంది. “నెత్తిన వెంట్రుక లేదు, ఊళ్లో ఎట్టా తిరిగేది?” అంది. దీనికి ఏ అధ్యయనంలోనూ జవాబు లేదు. పైగా మన పల్లెల్లో ఆడమనిషి పని మీద నడిస్తే ఎవరూ చూడరు, ఊరికే నడిస్తే అందరూ చూస్తారు. కాబట్టి మిద్దె మీద మొదలైంది, తెల్లవారుజామున అయిదింటికి. మొదటి రోజు అయిదు నిమిషాలు, మామ పక్కనే. మే నెలలో మన ఎండ నలభై దాటుతుంది, ఎనిమిదైతే మిద్దె కాలుతుంది. అప్పటికి ఆమెకు కొన్ని కీమో మందుల వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. అలాంటి కాళ్లకు కాలింది కూడా తెలియదు, అందుకని చెప్పులు లేకుండా నడవనివ్వలేదు. హవాయి చెప్పులు జారిపోతాయి, వెనక పట్టీ ఉన్నవి కొన్నాం. పొలం గట్ల మీద నడక అందుకే వద్దన్నాం. కండకు పని అంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు. గోడకు రెండు అరచేతులు ఆనించి నెట్టడం. కండ పెరగడానికి పప్పు, గుడ్డు, చేప కావాలి, ఇది మా ఇళ్లలో కష్టం కాదు.

కందుకూరు, కనిగిరి, పొదిలి అంటే పొగాకు వేలం గుర్తొచ్చే నేల మనది. పొగాకు తెచ్చే నోటి, గొంతు క్యాన్సర్ల గురించి కూడా చెప్పాలి. వాళ్లకు నడకతో పాటు దవడ వ్యాయామం కావాలి. రేడియేషన్ తర్వాత దవడ కండరాలు బిగుసుకుపోయి, మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో ఒక వేలు కూడా పట్టని స్థితి వస్తుంది. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, కొన్ని రోజులకొకటి చొప్పున పెంచుకుంటూ పోవడం ఫిజియోథెరపీలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. మెడ ఆపరేషన్‌లో భుజాన్ని ఎత్తే నరం దెబ్బతింటే భుజం జారుతుంది, దానికీ వ్యాయామం ఉంది. వీటిని బిగుసుకున్నాక కాకుండా ముందే అడిగి నేర్చుకోవాలి. డిశ్చార్జి రోజు మందుల చీటీతో పాటు ఫిజియోథెరపిస్టును చూపించమని అడగండి.

ఆగాల్సిన రోజులు కూడా ఉంటాయి. జ్వరం ఉంటే నడక లేదు. కీమోలో జ్వరం అంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా పడిపోయినప్పుడు డాక్టర్‌ను అడగకుండా ఏమీ చేయకూడదు. జబ్బు ఎముకలకు పాకినవాళ్లు బరువులు, నడుము తిప్పే ఆసనాలు సొంతంగా మొదలుపెట్టకూడదు, ఎముక విరగవచ్చు. ఛాతీలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, తల తిరగడం, ఇవి వస్తే అక్కడికక్కడ ఆపాలి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో జనం మధ్యకు పోకుండా ఇంట్లోనే నడవాలి.

కీమో ఎక్కించిన తర్వాత మూడు నాలుగు రోజులు అత్తకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఆ రోజుల్లో మిద్దె ఎక్కేది కాదు. మామ చేయి పట్టుకుని తులసి కోట దాకా పోయి వచ్చేది, ఇరవై అడుగులు కూడా ఉండవు. నడిచిన రోజులకు కోడలు క్యాలెండర్‌లో గీత పెట్టేది. ఈ రోజులకు పెట్టకుండా వదిలేస్తే అత్త ఒప్పుకోలేదు. “ఇది మాత్రం నడక కాదా?” అని గీత పెట్టించింది.