తెగిన టైరు, ఉబ్బిన ధమని

‘హెచ్ఐవీ ఉన్న పిల్లలకు పక్షవాతం వస్తుందా? అది పెద్దవాళ్ల జబ్బు కదా?’ అని ఒక పాఠకురాలు అడిగారు. వస్తుంది. బీపీ, పొగాకు, కొలెస్టరాల్ ఊసే లేని ఆరేళ్ల పిల్లకూ వస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు సైకిల్ షాపుకు వెళ్లాలి.

పాత టైరులో దారాలు ఒకచోట తెగితే లోపలి ట్యూబు అక్కడే బుడిపెలా పొడుచుకొస్తుంది. మెదడు ధమనిలో ఆ దారాల పని చేసేది సాగే పీచుతో అల్లిన ఒక పలుచని పొర. ఒంట్లోని పెద్ద ధమనుల్లో చాలావాటికి బయటివైపూ అలాంటి పొర ఉంటుంది. పుర్రె లోపలికి వచ్చేసరికి ఆ బయటి పొర దాదాపు మాయమవుతుంది, లోపలిదే దిక్కు. మందులు వాడకుండా వదిలేసిన హెచ్ఐవీ ఏళ్ల తరబడి రేపే వాపు ఆ ఒక్క పొరనూ ముక్కలు చేయగలదు.

ఇక లాప్లాస్ సూత్రం చూడండి. గోడ మీది లాగుడు రక్తపీడనాన్ని వ్యాసార్ధంతో గుణించినంత. వ్యాసార్ధం రెట్టింపైతే లాగుడూ రెట్టింపు. పైగా సాగిన గోడ పలచబడుతుంది కాబట్టి మిగిలిన ఒక్కో పీచు మీద పడే భారం రెట్టింపును దాటిపోతుంది. అంటే ఉబ్బే ఉబ్బును పెంచుతుంది! బెలూన్ ఊదేటప్పుడు మొదటి ఊపిరే కష్టంగా ఉండేది ఇందుకే. ఇంటర్‌లో ఈ సూత్రాన్ని సబ్బు బుడగతో చెప్పి ఊరుకుంటాం. ఆ బుడగ పక్కన ఒక ధమని బొమ్మ గీస్తే పిల్లలు జీవితంలో మరిచిపోరు.

ఉబ్బిన చోట రక్తం సుడి తిరిగి, మందగించి, గడ్డ కడుతుంది. ఆ గడ్డ కొట్టుకుపోయి ముందున్న సన్న నాళానికి అడ్డుపడితే పక్షవాతం. గోడే పగిలితే మెదడులో రక్తస్రావం.

అదే పొర తెగిన చోట ఇందుకు విరుద్ధంగానూ జరగవచ్చు. గోడలోని కండర కణాలు ఆ సందులోంచి లోపలికి చేరి పెరుగుతాయి, దారి ఇరుకవుతుంది. వ్యాసార్ధం సగమైతే, పీడనం అంతే ఉంటే, ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. చుట్టుపక్కల సన్న నాళాలు పుట్టుకొచ్చి ఆ కొరత తీర్చాలని చూస్తాయి. యాంజియోగ్రామ్‌లో అవి పొగలా కనిపిస్తాయి కాబట్టి జపాన్ వైద్యులు 1969లో ‘మోయమోయ’ అన్నారు. దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ ఉన్న పిల్లల్లోనూ ఈ పొగ కనిపించింది.

ఆటలమ్మ వైరస్ కూడా ముఖానికి స్పర్శ తెలిపే నరం (ట్రైజెమినల్) వెంట పాకి ఈ ధమనులను చేరగలదు. మన దగ్గర ‘అమ్మవారు పోసింది, మందు వాడకూడదు’ అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. హెచ్ఐవీ ఉన్న బిడ్డకు ఆటలమ్మ సోకితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, దయచేసి.

తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ప్రభుత్వాసుపత్రులన్నీ నెవిరపిన్ అనే మందు ఇవ్వాలని దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2002లో ఆదేశించింది. సోకిన పసికందులకు లక్షణాల కోసం ఆగకుండా వెంటనే మందులు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని అక్కడి పరిశోధనే 2008లో చూపింది. వైరస్ అణిగి ఉన్నంత కాలం ఆ పొరను కొరికే వాపూ తగ్గి ఉంటుంది.

ఏడాది నిండని బిడ్డ గిలక్కాయ కోసం ఎప్పుడూ ఒక చేయే చాచి, రెండోది పిడికిలి బిగించే ఉంచుతుంటే, ‘ఎడమచేతి వాటంలే’ అనుకోకండి. చేతివాటం అంత త్వరగా తేలదు, అది పక్షవాతపు గుర్తు కావచ్చు. గిలక్కాయను ఆ పిడికిలి వైపు పెట్టి చూడండి. అటు పక్కనున్నా ఆ చేయి కదలకపోతే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట అదే.