ఈజీఆర్‌కి ప్లేటు వేయిస్తే పికప్ వస్తుందా?

అపోహ: ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) దారిని రేకు ప్లేటుతో మూయిస్తే డీజిల్ కారు బాగా లాగుతుంది.

వాస్తవం: లాగదు. షెడ్డుకొచ్చే వాళ్లకి ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొస్తోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ వాల్వును ఈసీయూనే, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరే, మూసేస్తుంది. మూసి ఉన్న తలుపుకి మేకులు కొడితే కొత్తగా ఏం ఒరుగుతుంది? ప్లేటు వేశాక మీ బండి నిజంగానే లాగిందంటే, అంతకుముందు వాల్వు మసి పట్టి, మూసుకోకుండా తెరిచే ఉండిపోయిందని అర్థం. దానికి క్లీనింగ్ చాలు.

వాల్వు పనిచేసేది నింపాదిగా వెళ్లేటప్పుడు. కాలిన పొగలో కొంత కూలర్‌లో చల్లబడి మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టంలోకి, వస్తుంది. దాంతో సిలిండర్లో ఆక్సిజన్ పలచబడుతుంది, మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్ కారుకి ఇవి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6లో ఆ హద్దు 80. పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్లే విషం ఇది.

"పొల్యూషన్ టెస్టు పాసైంది కదండీ" అంటారు. డీజిల్ బండికి అక్కడ చూసేది పొగ ఎంత నల్లగా ఉందనే. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు.

మొన్నామధ్య ఒక టీచరుగారు వచ్చారు. ఎవరో ప్లేటు వేశారట. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, హైవే మీద పవర్ పడిపోయింది. వెనక లారీలు, కార్లో చంటిపిల్ల. తర్వాత చూపించిన చోట టర్బో (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే భాగం) మార్చాలన్నారట. ఆవిడ ముఖంలో రక్తం లేదు. స్కానర్ పెడితే ఈజీఆర్ ఫ్లో తక్కువని కోడ్ (లోపం ఏమిటో చెప్పే నంబరు) చూపించింది. ప్లేటు తీసి, వాల్వూ మ్యానిఫోల్డూ కడిగి, కోడ్ చెరిపి ఇచ్చాం. టర్బోకి ఏమీ కాలేదు. అలాంటి మాట విని భయపడిపోకండి, ముందు కోడ్ ఏమిటో చూపించమనండి.

పెట్రోల్ కార్లకి ఈజీఆర్ ఉండదన్నదీ నిజం కాదు. కొన్నిటికి ఉంటుంది, అక్కడ మైలేజీకి సాయమే చేస్తుంది.

ఒకసారి కడిగితే ఇక మసి పట్టదా? పడుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికైతే ఇంకా త్వరగా పడుతుంది. అప్పుడప్పుడు హైవే మీద తిప్పండి. బయట ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఈజీఆర్ కూలర్ లోపల లీకవుతోందేమో చూపించండి.